బొమ్మలో చంకకర్ర

చీమకుర్తి,
6-3-84

నాన్నకి రెబ్కా వందనాలు. బడిలో బాగానే ఉన్నాను.

ఎవరినీ తక్కువగా చూడొద్దని చెప్పే బొమ్మల పుస్తకమొకటి నేను పాఠాలు చెప్పే ఒకటో తరగతికి వచ్చింది. పోలియోతో కాలు పడిపోయిన కోటేశ్వరి, అందులోని ఒక పాప చంక కింద పెన్సిల్‌తో కర్ర గీసింది. పుస్తకం పాడుచేసిందని చెయ్యెత్తాను. "పాడు చెయ్యలేదు టీచర్. అందులో నేను లేనుగా, అందుకే గీసుకున్నా" అంది. నాకు సిగ్గేసింది. ఆ బొమ్మను చెరపలేదు, తరగతికంతా చూపించాను.

కోటేశ్వరి కర్ర పొట్టిదైపోయి వంగి నడుస్తోంది. మీ చేత్తో ఒకటి చేసి పంపండి. చంక నుంచి నేలకి ముప్పై మూడు అంగుళాలు. దగ్గు తగ్గేదాకా అమ్మను మిరప కల్లానికి వెళ్లనివ్వకండి.

మా నాన్న వడ్రంగి, చేసిపెడతారని చెబితే, "ఆయన నన్ను చూడలేదుగా, నాకెందుకు చేస్తారు?" అంటోంది కోటేశ్వరి. ఆ జవాబు మీరే పంపాలి.

మీ రెబ్కా