తప్పిపోతే కదలకు

అక్టోబర్ 4

క్షేమంగా చేరాను. గది మూడో అంతస్తులో ఉంది. కిటికీ కింద ట్రామ్ లైను. పాస్‌పోర్ట్ లాకర్లో పెట్టి, దాని కాపీ ఒకటి హ్యాండ్‌బ్యాగ్‌లో, మరొకటి సూట్‌కేసు అడుగున ఉంచాను. రిసెప్షన్‌లోని అమ్మాయి నా పుట్టిన సంవత్సరం చూసి, వెంట ఎవరూ రాలేదా అని అడిగింది. రాలేదన్నాను. జాలిగా చూసింది. నాకు జాలి అక్కరలేదు, వేడినీళ్ళు కావాలన్నాను.

రెండు మంచాల గది ఇచ్చారు. ఎక్కడికి వెళ్ళినా కిటికీ వైపు మంచం చెల్లెలిదే. ఈసారి పోటీ లేదు. అయినా గోడ వైపే పడుకున్నాను.

అక్టోబర్ 5

ఉద్యోగాలు విరమించిన నాటి నుంచి మేమిద్దరం కలిసే దేశాలు తిరుగుతున్నాం. మ్యాపు నాది, నోరు దానిది. కాలేజీలో భూగోళం బోధించినదాన్ని, దారి ఒకరిని అడగడమేమిటి? అది మాత్రం తెలిసిన దారి కూడా అడుగుతుంది. ఈ వేసవి నుంచి దానికి కళ్ళు తిరిగే జబ్బు. గోడ పట్టుకుంటే తప్ప గది దాటలేదు. ఇక ప్రయాణాలు కట్టిపెట్టమన్నాడు డాక్టరు. నేనూ మానేస్తానన్నాను. తిరిగేవి నా కళ్ళు, నీ కాళ్ళకేం వచ్చింది, వెళ్ళొచ్చి నాకు చెప్పు అని తరిమినంత పని చేసింది.

సాయంత్రం ఫోన్ చేసి, ఇక్కడి వంతెన ఎంత పాతదో, నది ఎటు పారుతుందో వివరంగా చెప్పాను. అంతా విని, ఎవరితో మాట్లాడావే అక్కా అంది. మ్యూజియంలో టికెట్లిచ్చే అతనితో అన్నాను. ఏమన్నాడంది. టికెట్ ఇచ్చాడన్నాను. నీ మొహంలా ఉంది, వంతెనలు నేను టీవీలో చూసుకుంటాలే అని పెట్టేసింది.

అక్టోబర్ 6

కోట చూశాను. మధ్యాహ్నమే ఫోన్ చేసి చెబుతూ ఉండగానే చెల్లెలు నిద్రొస్తోందంది. అక్కడింకా దీపాలు కూడా పెట్టని వేళ.

అక్టోబర్ 7, మధ్యాహ్నం

ఈ సంగతి ఇప్పుడే రాసుకోవాలి.

రోడ్డు తవ్వుతున్నారని ట్రామ్‌ను వేరే వీధికి మళ్ళించారు. దిగిన చోటు నా మ్యాపులో లేదు. నడిరోడ్డు మీద మ్యాపు విప్పడం, ఫోన్ బయటికి తీయడం, రెండూ నాకు నిషిద్ధం. కొత్తవాళ్ళమని దొంగకు మనమే చాటింపు వేసినట్లు. హ్యాండ్‌బ్యాగ్ ముందుకు తిప్పుకుని, ఒక దుకాణం గోడకు ఆనుకుని నిలబడ్డాను.

చాలాసేపు నిలబడ్డాను. కంగారు లేదు. జనంలో తప్పిపోతే కదలకూడదు, రెండోవాళ్ళే వెతుక్కుంటూ రావాలి అన్నది మా కట్టుబాటు. ఏ దేశంలోనూ అది తప్పలేదు. ప్రతిసారీ జనాన్ని తోసుకుంటూ, ఎవరెవరినో అడుగుతూ, చేతిలో ఏదో ఒక తిండి పట్టుకుని వచ్చేది. ఆ వీధి మలుపు వైపే చూస్తూ ఉన్నాను.

ఆ దుకాణం పూలదట. అమ్మే ఆవిడ బయటికొచ్చి, ఎవరి కోసం చూస్తున్నారని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. మా చెల్లెలి కోసం అన్నాను. ఆవిడ కూడా నాతో పాటు మలుపు వైపు చూసింది. ఏ రంగు కోటు వేసుకుందని అడిగింది.

అప్పుడు తెలిసింది.

చెల్లెలు రాదండీ, హోటల్‌కు దారి చెబుతారా అన్నాను. జీవితంలో మొదటిసారి.

సాయంత్రం

చెప్పాలా వద్దా అనుకుంటూనే ఫోన్లో చెల్లెలికి చెప్పేశాను. పకపకా నవ్వింది. ఆవిడ అడక్కపోతే అక్కడే వేళ్ళు తన్నేదానివి, పూలు కూడా పూసేదానివి అంది. తర్వాత ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నేను వినపడనట్లే ఆ కొట్టులో పూల రంగులు చెప్పుకుపోయాను.

ఇంతకీ ఆవిడకు పిల్లలెందరు అంది. తెలియదన్నాను. వాళ్ళాయనేం చేస్తాడంది. తెలియదన్నాను. ఇంత చదువూ చదివి ఏం లాభమే అంది. మందుల వేళ దాటినా ఫోన్ పెట్టలేదు.

అక్టోబర్ 8

వెళ్ళి అడిగాను. ముఖం చెల్లలేదు కానీ అడిగాను. ఇద్దరు కొడుకులట. భర్త ట్రామ్ నడుపుతాడట. నడిచి వెళ్ళేటప్పుడు కుక్క కనిపిస్తే మాత్రం వీధి మార్చేస్తాడట. ఆవిడకు గులాబీల వాసన పడదట, తుమ్ములట. మరి పూల కొట్టెందుకు పెట్టారమ్మా అంటే, పెళ్ళికి ముందు మా ఆయన మొహం కూడా పడేది కాదు అంది. చెల్లెలు అడిగినట్లే అడిగాను, చెల్లెలు నవ్వినట్లు నవ్వడం మాత్రం రాలేదు.

ఫోన్లో రెండుసార్లు చెప్పించుకుంది. వచ్చే ఏడు నువ్వే వచ్చి చూద్దువుగానిలే అన్నాను. నాకు అబద్ధాలు చెప్పకే అక్కా, తుమ్ముల సంగతి ఇంకోసారి చెప్పు అంది.

అక్టోబర్ 10, విమానంలో

కిటికీ సీటు. కింద సముద్రమనుకుంటాను, చూడలేదు. పక్కావిడ నిద్రపోతోంది. లేవగానే పలకరించాలి.