సెలవు ఫారంలో నాన్న

2 మార్చి, శనివారం

చేసిన పనులు: రెండు బకెట్ల బట్టలు, వారానికి సరిపడా పామాయిల్ పులుసు, వరండా కడగడం, విద్యార్థులకు టీ. మిగిలింది: ఇస్త్రీ.

మా ఆయన పేరు అసియేడు. శనివారాలు ఇంటి వరండాలోనే క్లాసు చెబుతారు. ఉద్యోగాలు చేసుకుంటూ హెచ్‌ఆర్ డిప్లొమా చదివేవాళ్లు వస్తారు. ఈ రోజు పాఠం చావు సెలవు. కంపెనీ రూల్లో అమ్మ, నాన్న, భార్య లేదా భర్త, పిల్లలు ఉన్నారు. మేనమామ లేడు. ఆ రూల్ రాసినవాళ్లకు మా ఊరు కుమాసీలో చుట్టాలు లేనట్టుంది. ఇక్కడ మనిషికి మేనల్లుడే వారసుడు.

వెనక కూర్చున్న ఒకతను, మా ఫ్యాక్టరీలో ఒకడికి ఇప్పటికే ముగ్గురు నాన్నలు పోయారు సార్, నాలుగో ఆయనకు ఒంట్లో బాగా లేదట అన్నాడు. అందరూ నవ్వారు. నేను టీ ఒలకబోసుకున్నాను. మా ఆయన నవ్వలేదు. సంతకం పెట్టే ముందు ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి అన్నారు. ఒకరి మీద జాలిపడి రూల్ వంచితే మిగతావాళ్లకు అన్యాయం చేసినట్టే అన్నారు. న్యాయంగానే అనిపించింది.

4 మార్చి

అన్నయ్య బఫోర్ పోయాడు.

11 మార్చి

వారం కార్యం అయింది. ఏప్రిల్ ఆరు శనివారం ఖననం అని పెద్దలు నిర్ణయించారు. ఆ రోజే మా అబ్బాయి అంపోఫోను వారసుడిగా అన్నయ్య స్థానంలో కూర్చోబెడతారు. వాడు లేకపోతే కార్యం జరిగినట్టే కాదు.

మా ఆయన పై చదువులకు వెళ్లినప్పుడు వాణ్ణి అన్నయ్య దగ్గర వదిలాను. బడికి పంపింది, జ్వరమొస్తే వీపున మోసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది అన్నయ్యే. వాడు తిరిగి మా ఇంటికి వచ్చేసరికి గొంతు మారిపోయింది.

27 మార్చి

టకొరాడీ నుంచి అంపోఫో ఫోన్. కలప మిల్లులో కొత్తగా చేరాడు, ఇంకా ప్రొబేషన్. మేనమామ అంటే సెలవు ఇవ్వరట. అందుకని ఫారంలో నాన్న పోయారని రాశాడట.

తప్పు కదురా అన్నాను.

"నన్ను పెంచినవాణ్ణి ఇంకేమని రాయనమ్మా?" అన్నాడు.

ఫారం మీద నా ఫోన్ నంబరే ఇచ్చాడట. ఎవరైనా అడిగితే ఏడువు చాలు, అబద్ధం చెప్పక్కర్లేదు అన్నాడు. మా ఆయనకు చెప్పలేదు.

29 మార్చి

ఫుఫు ముద్దకి ఉడికిన కర్రపెండలం దంచుతున్నాను. చేతుల నిండా పిండి. ఫోన్ మోగితే తీయమని మా ఆయనతో నేనే అన్నాను.

మిల్లు హెచ్‌ఆర్ నుంచి ఫ్రెమా. మా వరండాలో చదువుకున్న పిల్లే. అంపోఫో మా అబ్బాయని ఆమెకు తెలియదు. వాడికి పెట్టింది మా నాన్న పేరు, ఈయన పేరు ఎక్కడా రాదు కదా. ఉద్యోగి తండ్రి పోయిన మాట నిజమేనా అని అడిగిందట. ఈయన చెప్పిన జవాబు నేను విన్నాను.

"వాళ్ల నాన్నను నేనే, ఫ్రెమా. బతికే ఉన్నాను."

ఆ పిల్ల, నేను ఈ ఫోన్ చేయలేదనుకుంటాను సార్, పెట్టేస్తున్నాను అందట.

"నీకు నేను అలా నేర్పలేదమ్మా," అన్నారు.

ఫుఫు ఎవరూ తినలేదు.

1 ఏప్రిల్

వాడి ఉద్యోగం పోయింది. తప్పుడు సమాచారం అని రాసిచ్చారట.

నేను ఆయనతో మాట్లాడటం లేదు. సాయంత్రం ఆయనే వంటింట్లోకి వచ్చారు. ఏం చేయమంటావు, నేను చచ్చానని చెప్పమంటావా అని అడిగారు.

"ఒక్క వారం చచ్చి ఉంటే ఏం పోయేది?" అన్నాను.

అన్నాక గిన్నెలు తోమాను. తోమినవే మళ్లీ తోమాను.

6 ఏప్రిల్

అన్నయ్యను మట్టిలో పెట్టాం. అంపోఫో సమయానికే వచ్చాడు. ఇక సెలవు అడగాల్సిన పని లేదు కదా. ఎర్ర నల్ల గుడ్డ కట్టి వాణ్ణి అన్నయ్య స్థానంలో కూర్చోబెట్టారు. వదిన పిల్లలు వాణ్ణి నాన్నా అన్నారు. ఇకనుంచి వాడు నీకు కొడుకు కాదు, అన్నయ్య అని పెద్దలు నాకు గుర్తుచేశారు. సరే అన్నాను.

పరామర్శించేవాళ్ల వరసలో మా ఆయన కూడా నిలబడ్డారు. వాడి చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. వాడు అందరితో కలిపినట్టే చెయ్యి కలిపి, ఆయన వెనక ఉన్నవాళ్ల వైపు చూశాడు.

8 ఏప్రిల్

ఇంటి ఆడపిల్లను చేసుకున్నవాడు చావుకు ఇవ్వాల్సిన జిన్ను సీసాను మా ఆయన ఈ రోజు అన్నయ్య ఇంటికి పట్టుకెళ్లారు. పెద్దల మధ్య కూర్చుని అంపోఫో అందుకున్నాడు.

"అందింది, బావా," అన్నాడు. "మా ఇంటికి మీ బాకీ తీరిపోయింది."

తీరిపోయినట్టు రాసుకున్నాను.