పచ్చబాణం పరారీ

సోమవారం

దివాణం కార్యదర్శి చుమాసి మాస్టారికి,

దివాణం ఎదురింట్లో ఉంటూ కుమాసికి వ్యాను నడుపుకునే క్వాజో అఫ్రీయే దండాలు పెట్టి రాయునది.

రోడ్డు దాటితే మీ గది. ఇక్కణ్ణుంచి చూస్తే మీ బట్టతల నిగనిగలాడుతూ కనబడుతూనే ఉంది. అయినా మన రాజుగారు నానా గడపకి సంబంధించిన సంగతేదైనా కాగితం మీద రావాలి, పక్కన కానుకగా ష్నాప్స్ సారా సీసా ఉండాలి అన్నారు కాబట్టి రెండూ పంపుతున్నాను. ఐదో తరగతితో నేను బడి మానేసినప్పుడు హమ్మయ్య అనుకున్నవాళ్ళలో మీరు మొదటివారు. కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటే సగం తప్పు మీదే.

విషయం ఏమిటంటే, మా డుఫీ వాళ్ళ నాన్న బ్యాండు పాడిన పాట నా పెన్ డ్రైవ్‌లో ఉందని నేను నానా ముందు గొప్పలు పోయాను. కుర్రతనంలో ఆ పాటకి తెల్లవార్లూ ఆడానని, పోయేలోగా ఒక్కసారి వినాలని నానా అన్నారు. ఊరి రాజు నోరు తెరిచి అడిగితే లేదంటామా? శనివారం తెచ్చి మీ పాత కంప్యూటర్‌కి పెట్టాను. ఆదివారం కొలువులో మీరందరూ విన్నప్పుడు నేను కుమాసి రోడ్డు మీద టైరు మారుస్తున్నాను.

విన్నారు కదా, ఇక ఇప్పించండి. వచ్చే శనివారం మా పెళ్ళి. నాన్న పాట వినపడితేనే చర్చి గుమ్మం దాటతానని, లేకపోతే అట్నుంచటే ఇంటికి పోతానని డుఫీ ఖరాఖండీగా చెప్పింది. ఆ బ్యాండువాళ్ళెవరూ ఇప్పుడు లేరు. తన టైపు షాపు కంప్యూటర్లో పెడితే ఊళ్ళోవాళ్ళంతా ఫోన్లలోకి ఎక్కించుకుపోతారని, ఆ పాటని ఈ ఒక్క పెన్ డ్రైవ్‌లోనే దాచింది. ఇల్లు దాటించొద్దని నా చేత ఒట్టు కూడా వేయించుకుంది. నలభై ఏడేళ్ళకి కుదిరిన పెళ్ళి మాస్టారూ, అర్థం చేసుకోండి.

మీ పాత విద్యార్థి,
క్వాజో

తా.క.: సీసా మూత కాస్త వదులుగా ఉంటుంది. దారిలో ఎండ ఎక్కువగా ఉండింది.


మంగళవారం

నాయనా క్వాజోకి దీవెనలు.

ఉత్తరం, సీసాలో మిగిలినదీ అందాయి. రోడ్డు వెడల్పు పది అడుగులు. ఆ పది అడుగుల ఎండ నాకు తెలుసు.

పాట నానాగారికి ఎంతగానో నచ్చింది. అదే, అచ్చం అదే అంటూ లేచి నాలుగు అడుగులు వేశారు, కళ్ళు తుడుచుకున్నారు. ముసలమ్మలు తెల్లరుమాళ్ళు ఊపారు. నీకు దివాణం తరఫున కృతజ్ఞతలు.

ఇక పెన్ డ్రైవ్ సంగతి. ఇవ్వాలనే ఉంది గాని ఇచ్చే వీలు లేదు. మాకు కంప్యూటర్ శిక్షణ ఇచ్చినాయన ఒక మాట మరీ మరీ చెప్పాడు. తెర మీద కుడివైపు కింద, గడియారం పక్కన, ఆకుపచ్చ బాణం ఉన్న చిన్న బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి, ఇక తీసుకోవచ్చు అని కంప్యూటర్ చెప్పాకే తీయాలి. చెప్పకుండా లాగితే లోపలిదంతా బూడిదే. ఇంతకుముందు దివాణం ఫోటోలు తెచ్చినప్పుడల్లా ఆ బొమ్మ బుద్ధిగా కనిపించేది. ఇప్పుడు లేదు.

పెద్దల ముందు పెట్టాను. నానాగారితో నేరుగా మాట్లాడే ఆచారం మనకి లేదు, ఏ మాటైనా ఆయన తరఫున పలికే ఒచ్యామే నోటి మీదుగానే నడవాలి. ఆ పచ్చబాణం కంప్యూటర్‌కి ఒచ్యామే లాంటిది. ఆయన లేనప్పుడు నీ పెన్ డ్రైవ్ లాంటి అతిథి వెళ్ళొస్తానని ఎవరిని దారి అడుగుతాడు? దారి అడగకుండా దివాణం గడప దాటిన అతిథి ఇంతవరకూ లేడు. దాటిస్తే లాగినవాడికి ఒక గొర్రె జరిమానా అని తీర్మానించారు.

దానిలోని పాటని ఇంకో పెన్ డ్రైవ్‌లోకి ఎక్కిద్దామంటావేమో. ఒక అతిథి సెలవు తీసుకోకుండా రెండోవాణ్ణి లోపలికి పిలవం.

ఇట్లు,
చుమాసి, దివాణం కార్యదర్శి

తా.క.: నా తల మీద వ్యాఖ్య పెద్దలందరికీ చదివి వినిపించాల్సి వచ్చింది. తీర్మానంలో దాన్నీ చేర్చారు. అది నిగనిగలాడుతుందన్నది ఏకగ్రీవం.


మంగళవారం మధ్యాహ్నం

మాస్టారికి క్వాజో దండాలు.

మీరు కిటికీలో నిలబడి నా జవాబు కోసం చూస్తున్నారని తెలుసు. కూర్చోండి, మోకాళ్ళు జాగ్రత్త.

డుఫీని అడిగాను. నా పేరు బయటపెట్టలేదు, అక్రాలో ఒక తెలివితక్కువ స్నేహితుడున్నాడు, వాడి కంప్యూటర్లో ఇలా అయింది అన్నాను. పాత కంప్యూటర్లు గడియారం పక్కన చోటు చాలక, వాడని బొమ్మల్ని దాచేస్తాయట. అక్కడే ఒక చిన్న గుర్తుంటుంది, దాన్ని నొక్కితే దాక్కున్నవన్నీ బయటికొస్తాయట. అప్పటికీ రాకపోతే గడియారం ఉన్న పట్టీ మీద కుడి బొత్తాం నొక్కి, ఏ బొమ్మనీ దాచొద్దు, అన్నీ ఎప్పుడూ కనిపించాలి అని ఎంచుకోమంది. ఇదంతా చెప్తూ నా వంక ఓ రకంగా చూసింది. నేను ఆకాశం వంక చూశాను.

ఇది చేసి, బొమ్మని నొక్కి, పెన్ డ్రైవ్ కిటికీలోంచి విసిరేయండి. పట్టుకుంటాను.

వేచి ఉన్న
క్వాజో

తా.క.: ఇదీ పనిచేయకపోతే ఊళ్ళో గంట కొట్టించండి. పచ్చబాణం తప్పిపోయింది, దొరికినవాళ్ళు దివాణంలో అప్పగించవలెను అని.


బుధవారం

నాయనా క్వాజోకి దీవెనలు.

డుఫీ చెప్పినట్టే చేశాను. చాలామంది బయటికొచ్చారు. స్పీకరు వచ్చింది, ప్రింటరు వచ్చింది, ఎప్పుడో మా మనవడు ఎక్కించిన పేకాట కూడా వచ్చింది. పచ్చబాణం మాత్రం రాలేదు.

కాబట్టి నీ సలహా ప్రకారం తెల్లవారగానే గంట కొట్టించాము.

ఇంత స్పందన ఊహించలేదు. మందుల దుకాణంవాడు తన బోర్డు మీది పచ్చబాణం విప్పి తెచ్చాడు. బడి దగ్గర నాటిన దారి గుర్తుని గుంజతో సహా నలుగురు మోసుకొచ్చారు. ఒకావిడ వాళ్ళాయన చొక్కా తెచ్చింది, జేబు మీద బాణం ఉంది, లోపల వాళ్ళాయన కూడా ఉన్నాడు. తెచ్చినదాన్ని కాదంటే మర్యాద కాదని రాజమాత అన్నీ పుచ్చుకోమన్నారు. ఇప్పుడు నా గదిలో కంప్యూటర్ వైపు వెళ్ళే దారి లేదు. దారి గుర్తు మాత్రం ఉంది.

నిన్న సాయంత్రం కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయింది కూడా. ఆగిపోయాక తీస్తే ప్రమాదం ఉండదని కొందరన్నారు. ఇంటాయన నిద్రపోతుంటే అతిథి జారుకోవడాన్ని మన ఊళ్ళో ఏమంటారో చెప్పమని నానాగారు అడిగారు. కరెంటు వచ్చాక చూస్తే నీ పెన్ డ్రైవ్ అక్కడే ఉంది. చీకటిలో తలుపులు తెరిచి ఉన్నా కదల్లేదు, నీకన్నా మర్యాదస్తుడని పెద్దలు మెచ్చుకున్నారు.

ఇట్లు,
చుమాసి

తా.క.: నాలుగు రోజులుగా ఉన్న అతిథికి మంచినీళ్ళయినా ఇవ్వలేదని రాజమాత నొచ్చుకున్నారు. కొద్దిగానే పోశాం. కీబోర్డులో ఒక అక్షరం పనిచేయడం లేదు గాని, అది మన భాషలో అంతగా వాడేది కాదు.


గురువారం

మాస్టారూ,

దండాలు తర్వాత పెడతాను. గంట సంగతి నేను వేళాకోళానికి రాశాను. ఇన్నేళ్ళ నుంచీ నన్నెరిగినవారు, నా మాట నమ్మడం మీకు ఇదే మొదటిసారి. దానికి ఈ వారమే దొరికిందా?

ఆ గంట డుఫీ షాపు ముందే కొట్టారు. సాయంత్రం చేపతో కెంకే ముద్ద తింటూ, మీ అక్రా స్నేహితుడి బాణం మన ఊళ్ళో ఎలా తప్పిపోయిందని అడిగింది. చేప ముల్లు అడ్డుపడినట్టు దగ్గాను. వీపు మీద రెండు చరుపులు చరిచింది. అందులో రెండోది ముల్లు కోసం కాదు. తర్వాత, పాట ఒకసారి పెట్టు, నాన్న గొంతు వినాలనుంది అంది. వ్యాను స్పీకరు పాడైందన్నాను. శుక్రవారం బాగుచేయించి తెస్తానన్నాను. రేపే శుక్రవారం.

మాస్టారూ, ఆమె తండ్రి పోయి పదకొండేళ్ళయింది. గుమ్మం దాటేటప్పుడు చెయ్యి పట్టుకునేవాడు లేడు కాబట్టి గొంతయినా పక్కన ఉండాలంటోంది. అది నేను పోగొట్టానంటే పెళ్ళి సంగతి అలా ఉంచండి, నా మొహం నేనే చూసుకోలేను. గొర్రె ఇచ్చుకుంటాను, రెండు ఇచ్చుకుంటాను. రేపు పొద్దున మీ కిటికీలోంచి దూకి లాగేస్తాను. మీరు కాసేపు అటు తిరిగి నిలబడండి.

ఆ స్నేహితుణ్ణి నా దగ్గరికే పంపించు, చిటికెలో చూస్తానని డుఫీ అంటోంది. ఎలా పంపను?

క్వాజో

తా.క. (వెనక పేజీ): మాస్టారూ, చచ్చినా మీరు డుఫీ దగ్గరికి వెళ్ళకండి.


శుక్రవారం

నాయనా క్వాజోకి దీవెనలు.

నీ ఉత్తరం చదివి నిన్న రాత్రి అన్నం సయించలేదు. డుఫీ తనే చూస్తానందని రాశావు కాబట్టి పొద్దున్నే చేతికర్ర తీసుకుని ఆమె షాపుకి వెళ్ళాను. ఉత్తరానికి వెనక పేజీ కూడా ఉందని తిరిగొచ్చాక చూశాను.

ఎవరి పెన్ డ్రైవ్ అని అడిగింది. నాకు అబద్ధం రాదు. షాపు మూసేసి నాతో వచ్చింది. నువ్వు కిటికీలోంచి దూకుతావని రాశావు గదా, ఆమె నా వెంట గేటులోకి రావడం చూసి నీ ఇంటి కిటికీ రెక్కలు మూసుకోవడం ఇద్దరం గమనించాం.

బాణాలన్నీ దాటుకుని, బల్ల కిందికి దూరి కంప్యూటర్ వెనక చూసింది. కాసేపటికి అక్కణ్ణుంచి వెక్కిళ్ళ లాంటి చప్పుడు వచ్చింది. ఏడుస్తోందేమోనని వంగి చూస్తే నేల మీద కూర్చుని నోటికి గుడ్డ అంచు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

“మాస్టారూ, ఇది నెట్ తీగ పెట్టే కన్నం,” అంది. “ఇందులో అరటిపండు గుచ్చినా కంప్యూటర్‌కి తెలియదు. మీ అతిథి అసలు ఇంట్లోకే రాలేదు, గొర్రెల కొట్టంలో కూర్చున్నాడు. రానివాడికి దారి ఎవరిస్తారు?”

ఎవరు పెట్టారని అడిగింది. నేను నోరు విప్పలేదు. చేతికర్రతో ఎదురింటి వైపు చూపించానంతే.

పక్కనున్న సరైన కన్నంలో పెట్టగానే పచ్చబాణం గడియారం పక్కన ప్రత్యక్షమైంది, ఎక్కడికీ వెళ్ళనట్టు. ఈలోగా పెద్దలనీ ముసలమ్మలనీ వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చిన నానాగారు అప్పుడు ఒక ప్రశ్న వేశారు. అది ఇప్పుడే లోపలికి వచ్చిందంటే, ఆదివారం నేను దేనికి ఏడ్చాను?

విచారించగా తేలింది. ఆ రోజు తెర మీద మొట్టమొదట కనబడిన పాటని నేను నొక్కాను. అది కంప్యూటర్‌తో పాటు పుట్టుకతో వచ్చిన ఫిడేలు వాయిద్యం. ఏ దేశానిదో దేవుడికి తెలియాలి. పెద్దలందరూ తమ చెప్పుల వంక చూసుకున్నారు. రుమాళ్ళు ఊపిన ముసలమ్మలకి అందరికీ ఒకేసారి ఇంట్లో పని గుర్తొచ్చింది.

తర్వాత డుఫీ వాళ్ళ నాన్న పాట పెట్టింది. ఆయన గొంతు రాగానే ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నేనూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. పాట అయ్యాక నానాగారు కాసేపు ఆలోచించి, ఇదీ బాగానే ఉంది గాని, మా రోజుల్లోది ఆదివారం విన్నట్టుండేది అన్నారు. రేపు చర్చిలో రెండూ వేయాలని ఆజ్ఞ.

డుఫీ పచ్చబాణాన్ని నొక్కి అతిథి తరఫున దారి అడిగింది. సరేనంది కంప్యూటర్. నానాగారు కూడా మన ఆచారం ప్రకారం సగం దారి ఇచ్చి, మిగతా సగం కోసం మళ్ళీ రమ్మన్నారు. పెన్ డ్రైవ్ ఆమె బొడ్డులో దోపుకుని వెళ్ళింది. రేపు తనే చర్చికి తెస్తుందట. పెళ్ళి ఉందా అని నీ తరఫున భయపడుతూ అడిగాను. ఉందంది. మళ్ళీ నవ్వు మొదలెట్టింది, నాకు జవాబు సరిగ్గా వినపడడానికి మూడుసార్లు చెప్పించుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు నువ్వు కిటికీ తీయవచ్చు.

ఇట్లు,
నీ పాత మాస్టారు,
చుమాసి

తా.క.: డుఫీ ఒక కబురు చెప్పమంది. రేపు చర్చిలో స్పీకర్ల వైపు గాని, తీగల వైపు గాని నువ్వు పది అడుగుల లోపలికి రాకూడదట. ఉంగరం మాత్రం నువ్వే తొడగవచ్చట. ఏ వేలికో ఆమె చూపిస్తుందట.