రేపటి మ్యాచ్, లత బ్యాట్

ఆదివారం రాత్రి, హుస్సేనీ ఆలం

నేను చెప్తుంటే మనుమరాలు లత రాస్తున్నది.

రేపు మన దేశం ఆడపిల్లలకు ఆస్ట్రేలియాతోని క్రికెట్ మ్యాచ్. ఎవరు గెలుస్తరో ముందుగాల నన్నడుగుడు మా గల్లీల రివాజు. నా మాట తప్పదంటరు. పొద్దుగాల నా కొడుకు లొల్లి పెట్టిండు. "ఆడపిల్లకు బ్యాట్ ఏందమ్మా? సరే, రేపు ఎవరు గెలుస్తరో నువ్వే చెప్పు. మనోళ్లు గెలిస్తే లతను టీం సెలక్షన్‌కు పంపుత. ఓడితే బ్యాట్ సజ్జ మీదికే."

"గెలుస్తరు పోరా!" అన్న, రోషంతోని.

గిప్పుడు ఒకటే ఫికర్. మంచిగ బౌలింగ్ చేసే పిల్లకు మోకాలు నొస్తుందని టీవీల చెప్పిన్రు.

"నానమ్మా, ఓడితే?" అని లత పెన్ను ఆపింది.

ఎక్కడనో ఎవరో క్యాచ్ ఇడిస్తే నా పిల్ల ఆట ఎందుకు ఆగాలె? గెలవనీ, ఓడనీ, సెలక్షన్‌కు నిన్ను నేనే తోల్కపోత. రాయి బిడ్డా, పెద్ద అక్షరాలల్ల. పొద్దుగాల మీ నాయిన చదవాలె.