సీలు పగలగొట్టింది నేనే

సబ్ కలెక్టరు గారి సముఖమునకు,

తిరుమంగళం తాలూకా, పొన్నమనాయకన్‌పట్టి కాలనీ వీధిలో కట్టెల అడితి నడుపుకొనే సెల్లాయి (భర్త కీ.శే. తమిళరసన్, వయసు యాభై నాలుగు) వ్రాయించి పంపుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: అడితికి వేసిన ప్రభుత్వ సీలును పగలగొట్టినందుకు సంజాయిషీ కోరిన నోటీసుకు జవాబు, లైసెన్సు నా పేరుకు మార్చుట గురించి.

తమరు ఆంధ్ర వైపు నుండి వచ్చిన అధికారి అని తెలిసి దీనిని తెలుగులో పంపుతున్నాను. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని, బడిలో నేర్చింది తమిళం. గూడూరు రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మా వీధి వెంకటరామన్ గారు నేను చెప్పగా రాస్తున్నారు. ఆఫీసు మాటలు ఆయనవి. జరిగిన సంగతి నాది.

1. ఈ అడితి మా అత్త గురువమ్మాళ్ పెట్టింది. ఆమె పోయి పదకొండేళ్లయింది. లైసెన్సు నా పేరుకు మార్చమని తమిళంలో రెండుసార్లు అర్జీ ఇచ్చుకున్నాను. జవాబు రాలేదు. అయినా ఏటేటా చనిపోయిన మనిషి పేరున రుసుము తీసుకొని రసీదు మాత్రం ఇస్తూనే ఉన్నారు. రసీదులు జతపరచడమైనది.

2. ఒకప్పుడు మా వైపు సర్కారు తుమ్మకు విలువ లేదు. పొలం శుభ్రమైతే చాలని రైతులే పిలిచి కొట్టుకుపొమ్మనేవారు. ఇప్పుడు బాయిలర్లున్న మిల్లులు ఎకరాలకు ఎకరాలు ముందే మాట్లాడుకొని, వేళ్లతో సహా లారీల్లో ఎత్తుకుపోతున్నాయి. రెండేళ్లలో కట్టె ధర రెట్టింపు దాటింది. సరుగుడు ముట్టుకోలేము. పరోటా కొట్లవాళ్లు గ్యాసుకు మారిపోయారు. రంపపు మిల్లు ముక్కలు, గాలివానకు విరిగిన కొమ్మలు తెచ్చి పెళ్లి వంటలకూ కుమ్మరి ఆవానికీ అమ్ముకుంటున్నాను. దీని మీద నాకు ఫిర్యాదు లేదు. వ్యాపారమన్నాక ధర పెరుగుతుంది.

3. అయితే మా అడితిలో రేకుల కింద ఒక మూల చింత, మామిడి ఎండు కట్టె ఎప్పుడూ పేర్చి ఉంటుంది. అది కాటికి. వానాకాలంలో తడి కట్టె పేరిస్తే శవం సగం కాలి ఆగిపోతుంది. అలా ఆగిపోయిన చితి దగ్గర మా అత్త ఒకసారి నిలబడవలసి వచ్చింది. ఆనాటి నుంచి ఆ మూల కట్టె వేరే ఎవరికీ ఇవ్వలేదు.

ఈ ఐప్పసి నెల (అక్టోబరు, నవంబరు) ముసురులో, ఒక సోమవారం, అద్దకం మిల్లు మేనేజరు నవనీతకృష్ణన్ లారీతో వచ్చాడు. వాళ్ల బాయిలరు కట్టె తడిసిపోయిందట.

"అక్కా, ఆ మూల ఉండేదంతా ఎత్తుకుంటాము. రేటు మూడింతలు ఏసుకో" అన్నాడు.

"అది అమ్మేది కాదు సార్. కాటికి పెట్టిండేది" అన్నాను.

"ఇప్పుడు ఎవురు సచ్చినారని?"

"సచ్చేవాళ్లు ముందే సెప్పి సస్తారా సార్? వాళ్లు వొచ్చినప్పుడు నేను తడి విరగు ఈలేను." విరగంటే మా వైపు కట్టె.

"మా మిల్లు ముతలాళికి నేనేమి సెప్పాల?"

"సెల్లాయి లేదనింది అని సెప్పండి."

లారీ ఖాళీగా పోయింది.

4. గురువారం రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి అడితికి తాళం వేసి, లక్క పెట్టి సీలు వేశారు. కారణాలు రెండు చూపించారు. లైసెన్సుదారు జీవించి లేరు, ఇది ఒకటి. నివాస ప్రాంతంలో మండే స్వభావం గల సరుకు నిల్వ చేయడమైనది, ఇది రెండు. కట్టె మండక ఏం చేస్తుందని అడిగాను. పైనుంచి వచ్చిన ఉత్తర్వు అన్నారు. లారీకీ సీలుకూ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను. సోమవారం, గురువారం అని మాత్రం రాయిస్తున్నాను.

5. ఆ పై మంగళవారం ఉదయం పళనివేల్ గుండె నొప్పితో చనిపోయాడు. ఇరవై రెండేళ్లు మా అడితిలో కట్టె దింపిన మనిషి. ఆ మూల కట్టె చివరిసారి పేర్చింది కూడా అతనే. అతని భార్య భాగ్యం వానలో తడుస్తూ వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

"అక్కా, విరగు" అంది.

"పూట్టు ఏసిండారు భాగ్యం" అని అడితి తాళం గుర్తు చేశాను.

"తెలుసక్కా. అయినా యాడికి పోదును?"

తిరుమంగళంలో మూడు అడితులకు ఫోను చేశాను. ఎండు కట్టె అంతా మిల్లులకు పోయింది, తడిది ఉంది, కావాలా అన్నారు. ఇన్‌స్పెక్టరు గారికి చేశాను. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, రేపు ఆఫీసుకు వచ్చి కాగితం రాసి ఇవ్వమన్నారు.

"పీనుగు ఇంట్లో ఉండాది సార్. రేపంటే ఎట్ట?" అన్నాను. ఫోను పెట్టేశారు.

పగలు పదకొండు గంటలకు, వీధి వీధంతా చూస్తుండగా, గొడ్డలి వెనక వైపుతో తాళం పగలగొట్టాను. సాయానికి వచ్చినవాళ్లను ఆపాను. "ఎవురూ సెయ్యి పెట్టొద్దు. కేసు నా ఒక్కదాని మీదనే రానీ" అన్నాను. తలుపు తెరుచుకున్నాకనే మగవాళ్లు లోపలికి వచ్చి కట్టె మోశారు. చితి మీద గడ్డి పరిచి బురదమట్టి మెత్తారు. వాన ఆగలేదు. అయినా పళనివేల్ పూర్తిగా కాలాడు. బూడిద అయ్యేదాకా కాటి పక్క గట్టు మీద నిలబడి చూశాను. ఆ రోజు ఏడవలేదు. మరునాడు అడితి ఊడుస్తుంటే ఏడుపు వచ్చింది. నోటీసులో దీనికి గడి లేదు గనుక ఇక్కడ రాయించాను.

6. నోటీసులో 'దురుద్దేశంతో' అని ఉంది. దురుద్దేశం లేదు, ఉద్దేశం ఉంది. ఇది రాసేటప్పుడు వెంకటరామన్ గారు, "'పొరపాటున' అని ఒక్క మాట ఏద్దాము సెల్లాయీ, ఆఫీసరు మనసు కరుగుతాది" అన్నారు. వద్దన్నాను. గొడ్డలి పొరపాటున ఎత్తలేదు. మళ్లీ ఇలాంటి పరిస్థితి వస్తే మళ్లీ ఎత్తుతాను.

7. కావున లైసెన్సును బతికి ఉన్న మనిషి పేరుకు మార్పించవలెను. నోటీసును ఉపసంహరించవలెను. అలా కుదరదంటే, వానాకాలంలో మా కాలనీ శవాలకు ఎండు కట్టె ఎక్కడ దొరుకుతుందో తమ ఆఫీసు వారు కాగితం మీద రాసి ఇవ్వవలెను. ఆ కాగితాన్ని అడితి తలుపుకు అంటిస్తాను. క్షమాపణ ఏదీ ఇందుతో జతపరచలేదు.

ఉన్నది ఉన్నట్టు చిత్తగించి, ఈసారైనా జవాబు దయచేయవలెను.

న్యాయమైన ఉత్తర్వుకు ఎప్పుడూ విధేయురాలు,
సెల్లాయి
(సంతకం తమిళంలో చేయడమైనది)

తా.క.: కవరు అంటించే ముందు మళ్లీ తెరిపించాను. ఈ రోజు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు గారు కొత్త తాళంతో వచ్చారు. ఎవరు చెప్పారో, భాగ్యం కర్మ కాకముందే ఇల్లు కదలకూడదని పెద్దవాళ్లు అంటున్నా వినకుండా వచ్చి, అడితి లోపల కట్టె దుంగ మీద కూర్చుంది. ఆమె వెనకే వీధి ఆడవాళ్లు పద్నాలుగు మంది. "మమ్మల్ని లోపల పెట్టి పూట్టు ఏసుకో సార్. ఎవురన్నా సస్తే విరగు మేమే ఎత్తి ఇస్తాము" అంది భాగ్యం. ఆయన తాళం సంచిలో వేసుకున్నారు. టీ ఇచ్చాను, తాగారు. అడితి తెరిచే ఉంది. మూల కట్టె సగం పైన అయిపోయింది గనుక, పడిపోయిన చింతమాను ఒకటుందంటే చూడటానికి రేపు ఆండిపట్టి పోతున్నాను. విచారణకు పిలవాలంటే ఎల్లుండి పిలవండి.