కొండ బంగళాలో వంటమనిషి

నవంబర్ 14, శుక్రవారం

కడపలో బిందు మేనత్తను మా పెళ్ళికి పిలిచి, బిందు, వాళ్ళ నాన్న, నేను కారులో కావలి వెళ్తున్నాం. ఘాట్‌రోడ్డు మీద కొండచరియ పడిందట. కొండమీద పాత బంగళాలో దిగాం. నూట ముప్పై ఏళ్ళ కిందట దొరలు కట్టించింది. ఇప్పుడు ‘హెరిటేజ్ స్టే’. హెరిటేజ్ అంటే గీజర్ ఉండదు.

కాబోయే మామగారు విజయభాస్కర్ గారికి తెలిసినంతవరకూ నాది కొడవలూరు, మాకు వరిపొలాలు, అమ్మానాన్నా యాక్సిడెంట్‌లో పోయారు. మనవాళ్ళేగా అని ఒప్పుకున్నారు. నిజానికి మాది పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఇల్లు. అమ్మ పేరమ్మ ఇవాళ్టికీ తట్ట నెత్తిన పెట్టుకుని అమ్ముతుంది. ఈ పేజీ చించెయ్యాలి.

నవంబర్ 15, పొద్దున 7

కారు మీద సామాను తడుస్తోందని టార్పాలిన్ కప్పి నేనే తాడు కట్టాను. చేతులు వాటంతటవే ముడేశాయి. వంటమనిషి ముత్యాలయ్య అక్కడే నిలబడి చూశాడు. బిందు లోపలికి వెళ్ళాక దగ్గరికొచ్చి, ఈ ముడి మన రేవోళ్ళు తప్ప ఎవురూ ఎయ్యరు నాయనా, నువ్వు పేరమ్మక్క కొడుకు శివవి గదా అన్నాడు. మా నాన్న, అతను ఒకే పడవలో వేటకు వెళ్ళేవాళ్ళట. పడవ పోయాక పదేళ్ళుగా ఇక్కడే వంట. ఈ వయసులో ఇది పోతే ఇంకెవరూ పనిలో పెట్టుకోరన్నాడు.

ఎవరికీ చెప్పొద్దన్నాను. నేనెందుకు చెప్తా నాయనా, నువ్వు బాగుండావు, అదే చాలు అన్నాడు. ఒళ్ళు మండింది. నా బతుకు ఒక వంటవాడి మంచితనం మీద ఆధారపడాలా?

మధ్యాహ్నం

చేపల పులుసు. ముత్యాలయ్య చేప తలకాయ ఏరి నా పళ్ళెంలో వేశాడు. పెద్దాయన్ని వదిలేసి అల్లుడికా అని విజయభాస్కర్ గారు నవ్వారు. నవ్వాక నన్నొక చూపు చూశారు.

ముసలాడికి నోరు మూసుకోవడం వచ్చు. చెయ్యి ఊరుకోదు.

నవంబర్ 16

నా వాచీ తీసి అతని చాపచుట్టలో పెట్టాను. పోయిందని నేనే అరిచాను. మేనేజర్ నరేంద్రబాబు గదులన్నీ వెతికించాడు. దొరికింది. ముత్యాలయ్య వాచీ వైపు చూడలేదు, నా వైపు చూశాడు. ఏం చెప్తావని మేనేజర్ అడిగితే, పొరపాటైపోయింది సార్ అన్నాడు. అప్పటికప్పుడే వానలో పంపించేశారు.

పోలీసులెందుకులెండి, పెద్దవాడు అన్నాను. నీది ఎంత మంచి మనసు అంది బిందు.

సిగ్గేసింది. ఆకలి కూడా వేసింది. వండేవాడు లేడు, బ్రెడ్ తిన్నాం.

నవంబర్ 17

రోడ్డు తెరిచారు. హాయిగా నిద్రపట్టింది.

నవంబర్ 23

అమ్మ ఫోన్. ముత్యాలయ్య ఇంటికొచ్చాడట. బిడ్డ చల్లంగా ఉండాడు, మంచి పిల్ల దొరికింది అని మాత్రం చెప్పాడట. పెళ్ళికి నేను రాన్లే నాయనా, ఒక ఫోటో పంపించు చాలు అంది.

సిమ్ మార్చాను.