ఫిల్టరు కింది గిన్నెకు వేసిన లక్క సీలు

యంత్ర విభాగపు అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చిన్న బుల్డోజరు డీజిల్ ఫిల్టరు కింది గిన్నెకు తమరు వేయించిన సీలు తీయుటకు అనుమతి కోరుతూ, మరియు 'పని ఎగవేత' అని నాకు ఇచ్చిన మెమోకు జవాబు.

యంత్రాల షెడ్డులో పద్దెనిమిదేళ్ళుగా బుల్డోజరు నడుపుచున్న నేను సవినయముగా మనవి చేయునది ఏమనగా:

1. పైపు వేయుట కోసం వాగు గట్టుకు ఇరవై అడుగుల మేర గండి కొట్టినారు. పైపు వేసి నెల దాటినది. తవ్విన మట్టి పక్కనే గుట్టగా ఉన్నది. దానిని గండిలోకి తోసి తొక్కించుట నా బండికి ఒక పూట పని. గట్టు కింద నలభై ఇళ్ళు ఉన్నవి. అందులో మొదటిది మా అక్కది. ఈ వారంలో పెద్ద వాన రావచ్చునని తమ ఆఫీసు గోడకే నోటీసు అంటించినారు. బండి మాత్రం మూడు రోజులుగా షెడ్డులో ఉన్నది. కారణములు దిగువన.

2. డీజిల్‌లో ఎంతో కొంత నీరు చేరును. ట్యాంకు వెలితిగా ఉంటే లోపలి గాలి చల్లబడి, గోడలకు చెమట పట్టి కిందికి జారును. నీరు బరువు గనుక అడుక్కి పోవును. అందుకే ఫిల్టరు కింద ఒక గాజు గిన్నె, దానికి బుల్లి కుళాయి పెట్టినారు. ఉదయం ఇంజను వేయక మునుపు ఆ కుళాయి తిప్పి, నీరంతా పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా గ్లాసులోకి వదలవలెను. పళ్ళు తోముకోవడం మానినా ఇది మానవద్దని నాకు పని నేర్పిన మేస్త్రి చెప్పినాడు. పద్దెనిమిదేళ్ళలో ఒక్క రోజు మానలేదు. పళ్ళ సంగతి చెప్పలేను.

3. క్రిందటి నెల తమరు తనిఖీకి వేంచేసిన ఉదయం నేను ఆ పనిలోనే ఉంటిని. అప్పటి మాటలను తమరు రిపోర్టులో 'విచారించగా డీజిల్ దొంగతనము ఒప్పుకొన్నాడు' అని ఒక్క ముక్కలో తేల్చినారు గనుక ఇక్కడ పూర్తిగా వ్రాయుచున్నాను.

"రోజూ ఇలాగే తీస్తావా?" అని తమరు అడిగినారు.

"రోజూ తీస్తాను సార్."

"ఎన్నేళ్ళ నుంచి?"

"పనిలో చేరినప్పటి నుంచి."

"గ్లాసులో ఏముంది?"

"అడుగున నీళ్ళు. పైన కాస్త డీజిల్."

"డీజిల్లో నీళ్ళెందుకుంటాయయ్యా? మనం కొనేది డీజిలే కదా."

దీనికి జవాబు నాకు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు. నేరం ఒప్పుకొన్నది అక్కడేనని రిపోర్టు చూసినాక తెలిసినది. ఆ సాయంత్రమే కుళాయికి తీగ చుట్టించి, లక్క పోయించి, ఆఫీసు ముద్ర వేయించినారు. దొంగను లోపల ఉంచి ఇంటికి తాళం వేసినట్టయినది.

4. పని దిగేముందు ట్యాంకు నిండా పోసి పెట్టడం మా వాడుక. నిండుగా ఉంటే చెమట పట్టడానికి లోపల చోటుండదు. 'పని వేళలు ముగిసిన తరువాత ట్యాంకులో డీజిల్ ఉంచరాదు' అని తమరు సర్క్యులరు ఇచ్చినారు. నీళ్ళు పుట్టించుటకు ఇంతకన్న మంచి పద్ధతి నీటి సరఫరా వారికి కూడా తెలియదు.

5. కొత్త ఫిల్టరు కావాలంటే పాతది స్టోరులో జమ చేయాలన్నారు. తీసుకుపోతిని. "ఇంత మడ్డిగా ఉంటే రిజిస్టరు పాడైపోద్ది, కడిగి పట్రా" అన్నాడు స్టోరు గుమాస్తా. కడిగి పట్టుకుపోతిని. "శుభ్రంగానే ఉందిగా, దీనికేమైంది?" అన్నాడు. అతడిని తప్పు పట్టను, నిబంధన తమది. పై నుంచి తమరు 'మరల వాడదగినది' అని వ్రాసి సంతకం చేసినారు. కాగితం మీద కాదు, ఫిల్టరు మీదనే. ఫిల్టరు మీద సంతకం చేసిన అధికారిని నా సర్వీసులో చూడలేదు.

6. డీజిల్ డ్రమ్ముల గురించి కూడా వ్రాయదలచితిని. విసుగు వచ్చినది, వదిలేయుచున్నాను.

7. మూడు రోజుల క్రితం గండి పూడ్చుటకు బయలుదేరితిని. షెడ్డు గుమ్మం దాటక ముందే ఇంజను దగ్గినది. దిగి చూస్తే గిన్నె నిండా నీరు. వెంటనే ఆపితిని. ఆ నీరు ఇంజనుకు డీజిల్ అందించే పంపులోకి పోతే పంపు పట్టేయును, ఎందుకనగా దాని లోపలి భాగాలకు డీజిలే నూనె. పంపు పోతే బండి ఈ వానాకాలంలో లేవదు. ఫోనులో ఇదంతా మనవి చేసితిని. "ముందు గండి పూడ్చు, నీళ్ళ సంగతి తర్వాత చూద్దాం" అని తమరు సెలవిచ్చినారు. సీలు తీయమంటారా అని అడిగితిని. "సీలు ముట్టుకున్నావంటే ఉద్యోగం ఉండదు" అన్నారు. మర్నాడు మెమో వచ్చినది.

8. కావున సీలు తీయుటకు ఈ రోజే వ్రాతమూలకముగా అనుమతి దయచేయ ప్రార్థన. గ్లాసులోకి తీసిన దానిని తమ కారు ట్యాంకులో పోయించుకొనవచ్చును. అది డీజిలేనని తమరే తేల్చినారు గనుక సంకోచింపనక్కరలేదు.

పై సంగతులను తమకు అర్థమైనంత మేరకు చిత్తగించవలెను.

సీలు ముట్టుకోని
తమ విధేయుడు,
బుల్డోజరు డ్రైవరు

తా.క.: నిన్న ఉదయం ఇది కవరులో పెడుతుండగానే వాన పట్టుకుంది. మధ్యాహ్నం మా అక్క తడుస్తూ షెడ్డుకు వచ్చింది. అర్జీ చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను.

"బాగా రాశావురా. ఆ సారు ఇల్లెక్కడ?" అంది.

"మెరక మీద."

"మరి నాది?"

ఆ గిన్నె సీసా మూతలా తిప్పితే ఊడి వస్తుంది. తమరు తీగను కుళాయికీ గిన్నెకూ కట్టించారు గాని, గిన్నెను బండికి కట్టించలేదు. కుళాయి జోలికి పోకుండా గిన్నెనే ఊడదీసి, నీళ్ళు పారబోసి, తిరిగి బిగించాను. కొత్త ఫిల్టరు గుమాస్తాయే రిజిస్టరు లేకుండా తెచ్చి ఇచ్చాడు. అతని ఇల్లు కూడా గట్టు కిందే. ఫిల్టరు పక్కనుండే చేతి పంపు కొట్టి, డీజిల్ గొట్టంలో చేరిన గాలి తీసి ఇంజను వేశాను. అంతా కలిపి అరగంట కూడా పట్టలేదు.

ఈ ఉపాయం నాకు మొదటి రోజే తెలుసు. తమ తప్పు తమ చేతే దిద్దించి కింద సంతకం పెట్టించాలని పంతం పట్టి మూడు రోజులు కూర్చున్నాను. కాబట్టి మెమోలో రాసింది నిజమే. పని ఎగ్గొట్టాను. దానికి ఏ శిక్ష వేసినా పడతాను.

సాయంత్రానికి గండి పూడింది. మిగతా ఇళ్ళలోకి నీళ్ళు రాలేదు. మా అక్క వంటగదిలో మాత్రం మోకాలి లోతున నిలిచాయి. సీలు చెక్కుచెదరలేదు, తమరు వచ్చి తనిఖీ చేసుకోవచ్చు. అక్క నాతో మాట్లాడటం లేదు.